జీతం కన్నా ముందు క్లీన్‌రూమ్ సంగతి అడగండి

పరిశోధన చదువులు, కొలువుల గురించి పాఠకులు పంపే ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. జవాబులు చెబుతున్నవారు సిలికాన్ పరికరాల తయారీలో చాలా ఏళ్లు పనిచేసి, ఉద్యోగ విరమణ తర్వాత నల్లగొండలో స్థిరపడిన శాస్త్రవేత్త.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయి ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ పూర్తి చేసింది. జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు క్వాంటం ఫోటానిక్స్, సూక్ష్మ పరికరాల ఇంజినీరింగ్‌లో పోస్ట్‌డాక్‌గా రమ్మని ఉత్తరం పంపారు. రెండేళ్ల ఒప్పందం. ఇది ఉద్యోగమా, ఇంకా చదువేనా? చుట్టాలు అడిగితే ఏమి చెప్పాలో తెలియడం లేదు. ఏవో ఆమ్లాలతో పని ఉంటుందని కూడా అంటోంది. నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. నాకు అర్థమయ్యేలా చెప్పగలరు. – ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: ఉద్యోగమే. చుట్టాలకు ఆ ఒక్క మాట చెప్పి చాయ్ ఇచ్చి పంపండి.

మీకు మాత్రం వివరంగా చెబుతాను. పీహెచ్‌డీ అయినవారికి ఒక పరిశోధన బృందంలో గడువు పెట్టి ఇచ్చే కొలువును పోస్ట్‌డాక్ అంటారు. పరీక్షలుండవు, ఫీజు ఉండదు, చివర కొత్త పట్టా ఏదీ రాదు. నెలనెలా జీతం వస్తుంది. జర్మనీ విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి నియామకాలు ఎక్కువగా ప్రభుత్వ వేతన పట్టికలోని ఇ-13 అనే మెట్టులో జరుగుతాయి. ఒప్పంద పత్రంలో ఆ మెట్టు రాసి ఉందో లేదో, పూర్తికాలపు కొలువో సగం కాలపుదో మీరే చూడండి. లెక్కలు రాసే మనిషి కంటికి దొరికేవి పరిశోధకుల కంటికి దొరకవు. పత్రంలో కనబడే మొత్తంలోంచి పన్ను, ఆరోగ్య బీమా, పింఛను వాటా పోయాకే చేతికి వస్తుంది. ఆపైన ఇంటి అద్దె. అది ఊరిని బట్టి చాలా మారుతుంది కాబట్టి అంకెను రూపాయల్లోకి మార్చి ఊరంతా చెప్పే ముందు కాస్త ఆగండి.

రెండేళ్లేనా అని దిగులు వద్దు. పొడిగింపులు మామూలే. అయితే ఆ దేశపు చట్టం ప్రకారం పీహెచ్‌డీ తర్వాత ఇలాంటి గడువు ఒప్పందాల మీద సాధారణంగా ఆరేళ్లకు మించి ఉంచుకోకూడదు. అది మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి గుర్తుచేయండి.

ఇక ఆమె చేసే పని. కాంతి విడివిడి కణాలుగా వస్తుంది, ఒక్కో కణం పేరు ఫోటాన్. ఫోటాన్లను ఒక్కొక్కటిగా పుట్టించి, దారి మళ్లించి, లెక్కపెట్టే విద్యే క్వాంటం ఫోటానిక్స్. ఎంత దూరంలో ఉన్నా ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే ఫోటాన్ జంటల మీద ప్రయోగాలు చేసినందుకే అలెన్ ఆస్పె, జాన్ క్లౌసర్, ఆంటన్ జైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకప్పుడు ఇలాంటి ప్రయోగాలకు గది నిండా లేజర్లు, అద్దాలు కావలసి వచ్చేవి. ఆ గదినంతా గోరంత చిప్ మీదికి తేవాలని ఇప్పుడు ప్రపంచమంతటా పోటీ.

చిప్ మీద కాంతి నడిచే దారిని వేవ్‌గైడ్ అంటారు. సిలికాన్‌లో దాని మందం మామూలుగా 220 నానోమీటర్లు, వెడల్పు అర మైక్రోమీటరుకు దగ్గర. పక్క గోడలు రెండు మూడు నానోమీటర్లు గరుకుగా ఉన్నా చాలు, ఫోటాన్లు చెదిరి బయటికి పోతాయి. మీ మిల్లులో విరిగిన గింజ నూకగానైనా అమ్ముడుపోతుంది. ఇక్కడ పోయిన ఫోటాన్ పోయినట్టే. టెలిఫోన్ ఫైబర్‌లో కాంతి నీరసిస్తే మధ్యలో యాంప్లిఫయర్ పెట్టి బలం పెంచుతారు. ఒంటరి ఫోటాన్ మోసుకొచ్చే సమాచారానికి ఆ వైద్యం పనికిరాదు, ఎందుకంటే తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని 1982లోనే నిరూపించారు. అందువల్ల ఈ రంగంలో ఎంత గొప్ప ఆలోచనైనా చివరికి గోడ ఎంత నునుపు అనే ప్రశ్న దగ్గరికే వస్తుంది. మీ అమ్మాయి రోజుల్లో ఎక్కువ భాగం ఆ గోడల దగ్గరే గడుస్తుంది.

ఆమ్లాల సంగతి దాచను. సిలికాన్ డయాక్సైడ్ పొరను తొలగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు. పలచని ద్రావణం చర్మం మీద పడితే వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు. ఫ్లోరైడు లోపలికి ఇంకి, ఒంట్లోని కాల్షియాన్ని పట్టుకుని, ఎముక దాకా పోతుంది. ఫ్లోరైడుకూ ఎముకకూ ఉన్న వైరం నల్లగొండ జిల్లావాళ్లకు ఒకరు నేర్పనక్కర్లేదు. నీళ్లలో ఏళ్లు పట్టేది అక్కడ గంటల్లో జరుగుతుంది, అంతే తేడా. అందుకే శిక్షణ పూర్తికానివారిని ఆ బల్ల దగ్గరికి రానివ్వరు. మందపాటి గ్లవ్స్, ముఖానికి కవచం, ఏప్రాన్ తప్పవు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట ఉంటుంది. నియమాలు పాటిస్తే భయం లేదు. రాత్రిపూట ఒంటరిగా ఆ పని పెట్టుకోవద్దని మాత్రం చెప్పండి. పరిశోధన పత్రం సమర్పించే గడువు దగ్గరపడగానే ఈ ఒక్క నియమాన్ని పక్కనపెట్టేవాళ్లను నేను చూశాను.

పెళ్లి సంగతి మీరు అడగలేదు. నేనూ చెప్పను.

ప్రశ్న: మాది జడ్చర్ల. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నాను. కాంతిని గుండ్రంగా తిప్పే సూక్ష్మ వలయ రెజొనేటర్లలో ఫోటాన్ జంటలు పుట్టే తీరును కంప్యూటర్‌లో సిమ్యులేషన్ చేయడం నా పని. నాకు నచ్చిన ఒక పోస్ట్‌డాక్ ప్రకటనలో క్లీన్‌రూమ్ (చిప్పులు తయారుచేసే, దుమ్ము లేని గది) అనుభవం తప్పనిసరి అని రాశారు. నేను క్లీన్‌రూమ్ లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు. దరఖాస్తు చేయాలా? లేఖలో ఏమి రాయాలి? ఇంటర్వ్యూలో నేను వాళ్లను ఏమి అడగవచ్చు? – పరిశోధక విద్యార్థి

జవాబు: ఆ ప్రకటన వదిలేయండి. తప్పనిసరి అని నొక్కి రాశారంటే చాలాసార్లు అసలు సంగతి ఇలా ఉంటుంది: ఎచింగ్ (పొరలను చెక్కే పని) చేసే మనిషి వెళ్లిపోయాడు, సగం పూర్తయిన వేఫర్లు (చిప్పులు చేసే పలుచని సిలికాన్ బిళ్లలు) డబ్బాలో ఉన్నాయి, వచ్చిన మర్నాడే గౌను తొడుక్కుని లోపలికి వెళ్లగలవాళ్లు కావాలి. మీరు ఎంత తెలివైనవారైనా వాళ్ల అవసరం తీరదు. 'ఉంటే మంచిది' అని రాసిన చోట మాత్రం ధైర్యంగా పంపండి.

ఈ రంగంలో ప్రకటనలన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. డిజైన్, తయారీ, కొలత మూడూ చేయాలంటారు. నిజంగా కావలసింది వాటిలో ఒకటే. అది ఏదో పరికరాల పేర్లను బట్టి పసిగట్టాలి. ఎలక్ట్రాన్ బీమ్ లిథోగ్రఫీ (ఎలక్ట్రాన్లతో నమూనా గీయడం), రియాక్టివ్ అయాన్ ఎచింగ్ ముందు వరసలో ఉంటే తయారీ మనిషి కోసం వెతుకుతున్నారు. క్రయోస్టాట్ (అతి చల్లగా ఉంచే పెట్టె), సూపర్‌కండక్టింగ్ నానోవైర్ డిటెక్టర్ల (ఒంటరి ఫోటాన్లను పట్టే పరికరాలు) పేర్లు ముందుంటే కొలత. ఫౌండ్రీ, మల్టీ ప్రాజెక్ట్ వేఫర్ అనే మాటలు కనబడితే అక్కడ ఆగి రెండుసార్లు చదవండి. అలాంటి బృందాలు చిప్పులు తామే చేసుకోవు. ఎందరివో డిజైన్లను ఒకే వేఫర్ మీద కలిపి చేసే ఫౌండ్రీకి ఫైలు పంపి, నెలల తరబడి ఎదురుచూస్తాయి. ఫైలులో తప్పుంటే ఆ నెలలు, ఆ డబ్బు గంగపాలు. తప్పును ముందే కనిపెట్టగల సిమ్యులేషన్ మనిషికి అక్కడ విలువ. మీ చోటు అది.

లేఖ ఒక పేజీ దాటవద్దు. చిన్ననాటి నుంచి భౌతికశాస్త్రం అంటే ప్రాణం అనే వాక్యాన్ని నేను ఎంపిక సంఘాల్లో కూర్చున్న ప్రతిసారీ చదివాను. దానివల్ల ఒక్కరికీ కొలువు రాలేదు. మీ వలయం అంకెలు రాయండి. వ్యాసార్థం ఎంత, క్యూ ఫ్యాక్టర్ (వలయం కాంతిని ఎంతసేపు పట్టి ఉంచుతుందో చెప్పే అంకె) ఎంత వస్తుందన్నారు, 1550 నానోమీటర్ల దగ్గర జంటలను పుట్టించే పంప్ లేజర్ ఎన్ని మిల్లీవాట్లు ఇస్తే సెకనుకు ఎన్ని జంటలు లెక్కకు వచ్చాయి, వాటిని ఎవరైనా కొలిచి చూశారా. కొలతకూ మీ లెక్కకూ తేడా వస్తే ఎందుకు వచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పండి. సిలికాన్‌లో పంప్ పెంచుతూ పోతే రెండు ఫోటాన్లు ఒకేసారి శోషణకు గురై నష్టం పెరుగుతుంది. సిలికాన్ నైట్రైడ్‌లో ఆ బాధ దాదాపు లేదు కానీ అందులో ఫోటాన్ జంటలను పుట్టించే గుణం బలహీనం. ఈ బేరసారాల మీద మీకు సొంత అభిప్రాయం ఉందని కనబడితే చాలు, మిమ్మల్ని మాట్లాడటానికి పిలుస్తారు. పంప్ కాంతిని వడకట్టడం గురించి మీరు ఆలోచించారని తెలిస్తే ఇంకా మంచిది. ఒంటరి ఫోటాన్లను చూడాలంటే వంద డెసిబెల్స్ మేర వడపోత కావాలి, అంటే వెయ్యి కోట్ల పంప్ ఫోటాన్లలో ఒక్కటే తప్పించుకోవచ్చు. సిమ్యులేషన్ చేసేవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే.

ఈలోగా క్లీన్‌రూమ్ గడప దాటండి. బయటి సంస్థల విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, పరికరాలు వాడుకోనిచ్చే ఐఎన్‌యూపీ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయి లాంటి చోట్ల అది నడుస్తుంది. మీ ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి బెంగళూరుకే వెళ్తుంది, సాకులు చెప్పకండి. నాలుగు రోజుల శిక్షణతో మీరు తయారీ నిపుణులు కారు. కానీ ఆ పసుపు దీపాల కింద నిలబడి ఒక్క వేఫర్ మీద రెసిస్ట్ అనే, కాంతి తగిలితే మారే పూత పూసి, దాన్ని కడిగి, మైక్రోస్కోప్ కింద చూశాక, కంప్యూటర్‌లో మీరు గీసే నిటారు గోడలను మునుపటిలా నమ్మరు. రెసిస్ట్ నీలి, అతినీల కాంతికి స్పందిస్తుంది కాబట్టే అక్కడ పసుపు దీపాలు పెడతారు. ఇంటర్వ్యూలో ఇది ఎవరూ అడగరు. ఊరికే చెప్పాను.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. అందరూ మొదట జీతం అడుగుతారు. అది ప్రకటనలోనో వేతన పట్టికలోనో దొరుకుతుంది. మీరు అడగవలసింది గీసిన బొమ్మ చిప్‌గా మారి బల్ల మీదికి రావడానికి ఎంత కాలం పడుతుందని. ఐదు నెలలు అన్నారనుకోండి, రెండేళ్ల కొలువులో మీకు దక్కేది నాలుగు అవకాశాలు. మొదటి చిప్ ఎలాగూ పనిచేయదు. మిగిలిన మూడింటితో మీరు పత్రాలు రాయాలి, తర్వాతి కొలువు వెతుక్కోవాలి. క్లీన్‌రూమ్ బృందానిదా, విశ్వవిద్యాలయమంతటిదా? ఎలక్ట్రాన్ బీమ్ యంత్రం కోసం వరస ఎంత పొడవు? ఎచింగ్ యంత్రం పాడైతే బాగుచేసే టెక్నీషియన్ లోపలే ఉంటాడా, కంపెనీ నుంచి రావాలా? నానోవైర్ డిటెక్టర్లు పనిచేయాలంటే నాలుగు కెల్విన్ (సున్నాకు దాదాపు 269 సెల్సియస్ డిగ్రీల కింద) కన్నా తక్కువ ఉష్ణోగ్రత కావాలి. ఆ క్రయోస్టాట్ సొంతమా, అడిగి తెచ్చుకోవాలా? ఇవి అడిగితే తప్పుగా అనుకుంటారని భయపడవద్దు. మంచి ప్రొఫెసర్‌కు ఈ ప్రశ్నలు సంతోషం కలిగిస్తాయి, చిరాకుపడే ప్రొఫెసర్ ఎలాంటివారో మీకు ఉచితంగా తెలిసిపోతుంది. జీతం ఏ ప్రాజెక్టు నిధి నుంచి వస్తుందో, ఆ నిధి ఎప్పటిదాకా ఉందో కూడా అడగండి. చివరగా, ఇంతకుముందు అక్కడ పోస్ట్‌డాక్ చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కుని, వాళ్లలో ఒకరితో విడిగా మాట్లాడండి.

బ్రిటన్‌కు దరఖాస్తు చేస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇలాంటి సున్నితమైన రంగాల్లో పరిశోధనకు భారతీయులు వీసా కన్నా ముందు ఏటీఏఎస్ అనే అనుమతి తెచ్చుకోవాలి. దానికి వారాలు పడుతుంది.

విదేశమే పోవాలని కూడా లేదు. జాతీయ క్వాంటం మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. 2030-31 వరకు అది నడుస్తుంది. దాని కింద క్వాంటం కంప్యూటింగ్ కేంద్రం ఐఐఎస్‌సీలో, కమ్యూనికేషన్‌ది ఐఐటీ మద్రాసులో, సెన్సింగ్‌ది ఐఐటీ బొంబాయిలో, పదార్థాలు, పరికరాలది ఐఐటీ ఢిల్లీలో ఉన్నాయి. మీ పనికి మద్రాసు, ఢిల్లీ దగ్గర. ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌గా చేరితే 2023లో సవరించిన రేట్ల ప్రకారం మొదటి మెట్టు నెలకు 58,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. నా అభిప్రాయం అడిగితే, మన దగ్గర ఇప్పుడు పెద్ద కష్టం విదేశీ యంత్రం చెడినప్పుడు విడిభాగం కోసం ఎదురుచూడటం. కాబట్టి ఇక్కడ కూడా అవే ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం వెనక రోజంతా నీడ కదలకుండా ఉంటుంది కదా. అది క్వాంటం విజ్ఞానమేనని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా? – డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: కాదమ్మా. గర్భగుడిలోకి ఎండ నేరుగా పడదు. బయటి వెలుతురు చెదిరి, స్తంభాల మధ్య నుంచి లోపలికి వస్తుంది. సూర్యుడు కదిలినా స్తంభాలూ, వెలుతురు వచ్చే దారులూ కదలవు, కనుక నీడా కదలదు. దీనికి ఒక్క ఫోటాన్‌నైనా విడిగా లెక్కపెట్టనక్కర్లేదు. కుందూరు చోడుల కాలపు శిల్పులకు వెలుతురు ఎలా మసలుతుందో బాగా తెలుసు, ఆ గొప్పతనం వాళ్లకు చాలు. అట్టపెట్టెకు కిటికీలు కోసి, నాలుగు సీసాలు నిలబెట్టి మీ ఇంట్లోనే చేసి చూడండి. ఆ వీడియోకు మాత్రం లైక్ కొట్టకండి.

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. సూక్ష్మ కాంతి చిప్‌తో బోరు నీళ్లలో ఫ్లోరైడు కొలవవచ్చా? మా తమ్ముడు ఆ పని మీద పోస్ట్‌డాక్ చేయాలనుకుంటున్నాడు. – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: కొలవవచ్చు, కానీ తిన్నగా కాదు. వలయ రెజొనేటర్ మీద నీళ్లు ఉన్నప్పుడు నీళ్ల వక్రీభవన గుణకం కాస్త మారినా వలయం పలికే తరంగదైర్ఘ్యం జరుగుతుంది. సమస్య ఏమిటంటే తాగునీటిలో ఫ్లోరైడు హద్దు లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే నీరు దొరకని చోట 1.5. అంత కొద్ది ఫ్లోరైడు తెచ్చే మార్పు కన్నా నీళ్లు కాస్త వేడెక్కితే వచ్చే మార్పే ఎక్కువ. మిగతా లవణాలు కూడా అదే చిప్‌ను కదిలిస్తాయి. ఫ్లోరైడును మాత్రమే పట్టుకునే రసాయన పూత వలయం మీద వేయాలి. మీ తమ్ముడి పరిశోధన ఆ పూత గురించే అవుతుంది, అది రసాయనశాస్త్రం. ఆ మాట అతనికి ముందే చెప్పండి. ల్యాబ్ ఆన్ చిప్, మైక్రోఫ్లూయిడిక్స్ అనే మాటలతో ప్రకటనలు వెతకమనండి.

ఊరి బోరు నీళ్ల కోసం మాత్రం చిప్ దాకా ఆగవద్దు. ఫ్లోరైడు అయాన్ ఎలక్ట్రోడ్‌తో ఏ మంచి ప్రయోగశాలలోనైనా కొలుస్తారు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించి మన జిల్లా పేరే పెట్టింది. విదేశాల్లో నల్లగొండ అని చెబితే నీటి ఇంజినీర్లు ఆ పద్ధతినే తలుచుకుంటారు, మనకు అది గర్వమో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

ప్రశ్న: ఫైబర్ లేజర్లలో పీహెచ్‌డీ చేశాను. పాప పుట్టాక ఆపేశాను. ఇప్పుడు 36 ఏళ్లు. క్వాంటం ఫోటానిక్స్‌లోకి రావాలని ఉంది. ఆలస్యమైపోయిందా? – దేవరకొండ

జవాబు: లేదు. పైగా మీ చేతిలో ఉన్న పనికి ఈ రంగంలో మనుషులు చాలడం లేదు. మామూలు ఫైబర్‌లో 1550 నానోమీటర్ల కాంతి పది మైక్రోమీటర్ల మచ్చగా ప్రయాణిస్తుంది. చిప్ మీది దారి అర మైక్రోమీటరు. ఈ రెండింటినీ కలిపే చోటే ఎక్కువ ఫోటాన్లు పోతాయి. మూడు డెసిబెల్స్ నష్టం అంటే సగం పోయినట్టు. పైగా ఫైబర్‌ను చిప్‌కు అతికించి నాలుగు కెల్విన్‌కు చల్లబరిస్తే జిగురు ముడుచుకుని అమరిక తప్పుతుంది. ఈ అతికింపును ప్యాకేజింగ్ అంటారు. అందరూ చిప్ డిజైన్ చేస్తామంటారు, ఈ పనికి ముందుకు వచ్చేవారు తక్కువ. ఫైబర్ కోయడం, అతకడం, ధ్రువణాన్ని అదుపులో పెట్టడం మీకు వచ్చు. ప్రకటనల్లో ప్యాకేజింగ్, కప్లింగ్ అనే మాటలు వెతకండి.

వయసు గురించి. యూరప్‌లోని మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు వయోపరిమితి లేదు. పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్ల పరిశోధన అనుభవం దాటకూడదంటారు, అందులో విరామకాలాన్ని లెక్కించరు. మీరు వెళ్లే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు, మీకు ఆ చిక్కే లేదు. మన దేశంలో అనుసంధాన్ అనే జాతీయ పరిశోధన నిధుల సంస్థ ఇచ్చే జాతీయ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు 35 ఏళ్ల పరిమితి, మహిళలకు సడలింపు ఉంటుంది. దరఖాస్తు చేసే ఏడాది ప్రకటనలో సరిచూసుకోండి. విరామం తర్వాత తిరిగి వచ్చే మహిళల కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వైజ్-కిరణ్ పథకం నడుపుతోంది, ముందు దాన్ని చూడండి. పాపను వెంట తీసుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. వెళ్లే విశ్వవిద్యాలయంలో శిశు సంరక్షణ కేంద్రం ఉందా, అందులో చోటు కోసం ఎన్ని నెలలు వేచి ఉండాలి అనేది మాత్రం ఇంటర్వ్యూలోనే అడగండి.

లేఖలో విరామం గురించి ఒక్క వాక్యం చాలు: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎందుకు. క్షమించమని అడగవద్దు. రెండో వాక్యంలో మీ ఫైబర్ అతుకుల్లో నష్టం ఎన్ని డెసిబెల్స్‌కు తెచ్చేవారో రాయండి.